బ్లేడ్లు నాకొక్కడికే తిరిగేవి

శామీర్‌పేటలో మా బాబాయి ఫంక్షన్ గార్డెన్ పెట్టినప్పుడు అక్కడి పచ్చిక చూసుకునే పని నాకప్పగించాడు. గడ్డి మీద నడవడమే తప్ప దాన్ని కోయడం నేనెప్పుడూ చూడలేదు. సిటీలో పెరిగాను. చేతిలో ఎప్పుడూ ఫోన్, ముక్కు మీద కోపం.

బాబాయి సెకండ్ హ్యాండ్‌లో గడ్డి కోసే బండి ఒకటి కొన్నాడు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. సీట్లో కూర్చుని నడుపుతూ పక్కనున్న మీట లాగితే కింద బ్లేడ్లు తిరుగుతాయి. దాన్ని నడపడానికి గౌడవెల్లి నుంచి ఒక ట్రాక్టర్ డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. దసరా దాకా అంతా బాగానే ఉంది. పండగ మర్నాటి నుంచి ఆయన మీట లాగితే చాలు, ఇంజను టప్పున ఆగిపోయేది.

"ఏమో సారు. ఉత్తగ నడిపితె నడుస్తాంది, బ్లేడ్లేస్తె సస్తాంది" అన్నాడు.

ముందు చక్రాలు ఇటుకల మీదికెక్కించి కిందకి తొంగిచూశాం. బెల్టు జారలేదు. బ్లేడ్లకు గడ్డి చుట్టుకోలేదు. "దిగు, నేను చూస్తా" అని ఎక్కి మీట లాగాను. బ్లేడ్లు గిర్రున తిరిగాయి. ఆయన ఎక్కాడు, ఆగిపోయింది. మళ్ళీ నేనెక్కాను, తిరిగింది.

అనుమానం అక్కడ మొదలైంది. బండి రాకముందు ఆ గడ్డి ఆయన భార్య కొడవలితో కోసేది. మోపులు వాళ్ళ బర్రెలకు పోయేవి. బండి కోసిన గడ్డి తవుడులా రాలిపోతుంది, బర్రె మూతి కూడా పెట్టదు. మరి బండి మూలపడితే ఎవరికి మంచిది? షామియానా గుంజల వెనక నిలబడి, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఆయన చేతుల్నే గమనించేవాణ్ని. ఆయనా నన్ను ఓరగా చూసేవాడు. దొంగచూపు, అనుకున్నాను.

బాబాయికి చెప్పేశాను. "ఎల్లుండి రిసెప్షన్ ఉందిరా. రేపు మధ్యాహ్నానికి కోయడం మొదలెట్టకపోతే అతన్ని పంపించెయ్" అన్నాడు. ఆ మాట ఆయనకు చేరవేయడానికి నాకు నిమిషం పట్టలేదు.

"పంపిస్తె పోత. గని పని రాదని పంపకురి సారు. ఊరు ఊరంత నవ్వుతది. నా ఎంట్రుకలు ట్రాక్టర్ మీదనే తెల్లవడ్డయ్."

"పని రాదని కాదయ్యా, నాటకం బాగా వచ్చని పంపిస్తున్నా."



మర్నాడు పొద్దున్నే మేడ్చల్ బస్ డిపో దగ్గరి మెకానిక్కుకు ఫోన్ చేశాను.

"ఆయన ఎక్కితె ఆగుతాంది, నువ్వెక్కితె తిరుగుతాందా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వీళ్ళిద్దరూ ఒక ఊరివాళ్ళేమో అనుకున్నాను. "సీటు కింద ఓ స్విచ్ ఉంటది. మనిషి కూసుంటె గది నొక్కుకుంటది. నొక్కుకోకపోతె సీట్ల ఎవ్వల్లేరనుకుంటది, బ్లేడ్లు తిప్పనియ్యది. ఇంజన్ బంద్ వెట్టి, ఆయన్ను కూసోవెట్టి చూడు."

కూర్చోబెట్టి వంగి చూశాను. సీటుకీ కింది రేకుకీ మధ్య ఒక జత తోలు చెప్పులు.

"ఇవేంటి ఇక్కడ?"

"పూజ చేసిన బండి గదా సారు, సెప్పులతోటి ఎట్ల ఎక్కుత? కింద ఇడిస్తె కుక్కలెత్కపోతయ్."

నిజమే, దసరా నాడు దానికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది ఆయనే. అప్పట్నుంచి ఎక్కేముందు చెప్పులు విడిచి సీటు కింద దాచడం, దిగగానే తీసి తొడుక్కోవడం. ఆ కాసేపూ నా కళ్ళు ఫోన్‌లో ఉండేవి. నేను మాత్రం బూట్లతోనే ఎక్కేవాణ్ని.

చెప్పులు తీసి గోడ మీద పెట్టాను. అయినా ఆయన బండి స్టార్ట్ చేయలేదు. నా చేతివైపే చూస్తున్నాడు.

"ముందుగాల గది జేబుల వెట్టురి."

"ఏది?"

"గా ఫోను. మీరు దాన్ని నొక్కుడు, నా బండి బంద్ వడుడు. టీవీని దూరంకెల్లి బంద్ జేస్తలేరా? నాకెరుక లేదనుకున్నరా?"

ఇన్నాళ్ళూ ఆయన అనుమానిస్తున్నది నన్ను! కోపం నషాళానికెక్కింది. "నీ బండి ఆపితే నాకేం వస్తుందయ్యా?"

"నన్నెల్లగొట్టి మీ మనిషిని వెట్టుకుంటరు."

నిన్న సాయంత్రమే ఇంకో డ్రైవరుతో మాట్లాడి ఉన్నాను. ఫోన్ జేబులో పెట్టాను.

ఇంజను అందుకుంది. మీట లాగాడు. బ్లేడ్లు తిరిగాయి. సగం పచ్చిక అయ్యేసరికి నా జేబులో ఫోన్ మోగింది. ఆయన బ్రేకు తొక్కి జేబు వంకే చూశాడు. ఫోన్ మోగుతూనే ఉంది, బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. మళ్ళీ మోగింది. కదలకుండా నిలబడ్డాను.

"ఎత్తురి సారు, ఏం గాదు తీ!" అని అరిచాడు చివరికి.

బాబాయి. "పంపించేశావా?"

"లేదు, కోస్తున్నాడు."

"ఏంటీ? వినపడట్లేదు!"

మోత వినిపిద్దామని ఫోన్ బండి వైపు తిప్పాను. ఆయన స్టీరింగు మీదికి వాలిపోయి రెండు చేతులూ మీటకు అడ్డం పెట్టాడు.

"ఇటు వెట్టకురి సారు, ఇటు వెట్టకురి!"