పూడ్చిన మగ్గం గుంత

ప్రభుత్వ పథకాల మీద జరిగిన సర్వేలు సరిగ్గా చేశారా, వాటివల్ల ఏమైనా మారిందా అని మళ్లీ వెళ్లి చూసి రావడం నా ఉద్యోగం. ఈ రోజు ఎమ్మిగనూరులో ఒక చేనేత ఇంటికి వెళ్లాను. మగ్గాల పథకం సర్వేలో ఆ ఇంటాయన చెప్పిన మాట రిపోర్టులో ఉంది: వానొస్తే మగ్గం గుంతలో నీళ్లు ఊరుతున్నాయి, నేల మీద నిలబెట్టే మగ్గం ఇస్తే మేలు అని.

ఇంట్లో ఆయన భార్య ఒక్కతే ఉంది. మగ్గం లేదు. ఆయన కాళ్లు దించుకుని కూర్చునే గుంత ఉండాల్సిన చోట అలికిన నేల ఉంది.

"సర్వే వాళ్లు పోయిన మర్నాడే మా ఆయన గుంత పూడ్సినాడన్నా. అంత ఓపిగ్గా కూసోని అడిగినోళ్లు కొత్త మగ్గం ఇయ్యకుండా ఉంటారా అన్నాడు. సూసి సూసి, ఇప్పుడు ఆదోనిలో పత్తి మిల్లుకు పోతాండాడు. ఆయప్ప సెప్పింది యాడికన్నా సేరినాదా అన్నా?"

"చేరిందమ్మా. రిపోర్టులో ఉంది," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "ఉందా? ఇంటికి రాంగానే సెప్తా. సంతోషపడతాడు."

తిరిగొచ్చే బస్సులో సర్వే నాణ్యతకు పూర్తి మార్కులు వేశాను. ఆయన మాటను పొల్లు పోకుండా రాశారు మరి. 'ప్రభావం' అనే గడి దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ సర్వేను నమ్మి ఏదైనా చేసిన మనిషి నాకు ఆయనొక్కడే కనిపించాడు. మీరైతే అక్కడ ఏం రాస్తారు?