వినిపించి అమ్మిన క్లారినెట్

ఆయన్ని బ్యాండులో అందరూ పొడుగు బాబాయి అంటారు. వరసలో నిలబడితే మిగతావాళ్ల టోపీలన్నీ ఆయన భుజం దగ్గరే ఆగిపోతాయి. ఎర్రకోటు ఆయనకెప్పుడూ పొట్టే. మణికట్టు దాకా రాని చేతుల కోటుతోనే మీసం మొలవని వయసు నుంచి తల నెరిసేదాకా లాక్కొచ్చాడు. పెళ్లి ఊరేగింపులు, కొట్ల ప్రారంభాలు, ఎన్నికల్లో నెగ్గినవాళ్ల సంబరాలు, పెద్దవాళ్ల అంతిమయాత్రలు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్లి క్లారినెట్ వాయించాడు. ఇంకో పని రాదు. రాదంటే నిజంగానే రాదు. ఒకసారి గోడకి మేకు కొట్టబోయి వేలు చితక్కొట్టుకుంటే, ఆ వేలు నయమయ్యేదాకా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. అప్పటినుంచీ ఆయన భార్య సుత్తిని కంటికి కనబడనివ్వలేదు.

ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నుంచీ నిలబడే పని. ఆవిడ నోటికి జడిసి లాండ్రీ యజమాని కూడా జీతం ఆలస్యం చెయ్యడు. మొగుణ్ణి తిట్టని రోజు లేదు, ఆయన కోటుకి తను ఇస్త్రీ చెయ్యకుండా పంపిన రోజూ లేదు.

కిందటి పెళ్లిళ్ల సీజన్ చివర్లో ఒక ఊరేగింపులో, ఒళ్లు తెలీకుండా తాగి గంతులేస్తున్న పెళ్లివారి చుట్టం ఒకడు వెనక్కి తూలి మోచేత్తో క్లారినెట్‌ని ఒక్కటి కొట్టాడు. అది వెళ్లి రోడ్డుమీద పడింది. పై ముక్క నిలువునా చీలింది. ఆ చుట్టంగారు 'సారీ బ్రదర్' అని మళ్లీ గంతులేసుకుంటూ వెళ్లిపోయాడు. ఒళ్లు మండదూ మరి? కానీ పొడుగు బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. వంగి ముక్కలు ఏరుకున్నాడు. జిగురు పూశాడు, దారం చుట్టాడు, మైనం కరిగించి పోశాడు. ఏం చేసినా ఆ చీలికలోంచి గాలి పోతూనే ఉంది, ఏ స్వరం పట్టినా కీచుమంటూనే ఉంది.

బ్యాండు మాస్టారు చెడ్డవాడేం కాదు. డ్రమ్ములు వేలాడదీసిన బ్యాండు షట్టర్ గదిలో పొడుగు బాబాయిని కూచోబెట్టి, టీ తెప్పించి మరీ చెప్పాడు.

"బాబాయ్, కొత్త సీజన్ మొదలయ్యేలోగా వాయిద్యం తెచ్చుకో. లేదంటే నేను కీబోర్డు వాయించేవాణ్ణి పెట్టుకోవాలి. బండిమీద పెట్టి స్పీకర్లు తగిలిస్తే వాడొక్కడే పది వాయిద్యాలు మోగిస్తున్నాడు. పెళ్లిపార్టీలవాళ్లు కూడా వాళ్లనే అడుగుతున్నారు. నీ మొహం చూసి ఆగాను."

"తెస్తాను మాస్టారూ. మీరు మాత్రం నా చోటు ఎవరికీ ఇవ్వకండి."

కొత్త క్లారినెట్ కొనే తాహతు ఆయనకి ఏడు జన్మలెత్తినా రాదు. అప్పుడు రంగంలోకి దిగినవాడు బావమరిది. భార్యకి తమ్ముడు, బజారు వీధిలో ఫోన్ల కవర్లు అమ్ముకుంటాడు. వాడు తన ఫోన్‌లో పాత సామాన్లు అమ్మే చోట వెతికి ఒక ఫొటో చూపించాడు. నల్లచెక్క క్లారినెట్. వెండిలా మెరిసే మీటలు. ధర కూడా కష్టపడితే అందేలాగే ఉంది. పొడుగు బాబాయి ఇంటి మెట్లమీద కూచుని ఆ నంబరుకి ఫోన్ చేశాడు.

"మా నాన్నగారిదండీ," అంది అవతల ఒక మెత్తటి మగగొంతు. "ఆయన పోయాక ఊరికే పడుంది. వాయించేవాళ్ల చేతికి వెళ్తే బాగుంటుందని అమ్ముతున్నాను. నాకూ కొంచెం వచ్చు."

"కొంచెం వినిపిస్తారా?"

వినిపించాడు. పొడుగు బాబాయి ఊరికే పడిపోలేదు సుమా. ఎక్కడిదో రికార్డు పెట్టి మాయ చేస్తున్నాడేమోనని ఆయనకీ అనుమానం వచ్చింది. అందుకే, "కింది స్వరాల్లోంచి మొదలెట్టి, ఎక్కడా ఆపకుండా పైకి రండి చూద్దాం," అన్నాడు. క్లారినెట్‌కి కింది గొంతు వేరు, పై గొంతు వేరు. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దాటేచోట, వాయిద్యంలో లోపమున్నా, వాయించేవాడికి చెయ్యి తిరక్కపోయినా ఇట్టే బయటపడిపోతుంది. అవతలివాడు నీళ్లు తాగినంత సులువుగా దాటాడు. దాటి, పైన ఒక్క క్షణం నిలబడి, ఎవరూ అడక్కుండానే మళ్లీ కిందికి దిగి వచ్చాడు. పొడుగు బాబాయికి కళ్లమ్మట నీళ్లు కారాయి.

ఇంత బాగా వాయించేవాడు అబద్ధమాడతాడా అనుకున్నాడు. నవ్వేవాళ్లు నవ్వండి. ఆ బ్యాండులో కొత్తవాణ్ణి చేర్చుకునేటప్పుడు పేరు అడగరు, ఊరు అడగరు, ముందు వాయించమంటారు. బాగా వాయిస్తే మనవాడే. ఎవడి కోటు జేబులో ఎంతుందో ఎవడూ చూసుకోడు, అందరి కోట్లూ ఒకే మేకుకి వేలాడతాయి. బతుకంతా ఆ గదిలో గడిపినవాడికి మనిషిని కొలవడానికి ఇంకో కొలత ఎక్కణ్ణించి వస్తుంది? కొంప ముంచింది ఆ అలవాటే.

డబ్బు ఆయనది కాదు. సొంతంగా ఇస్త్రీ బండి పెట్టుకుని, కాళ్లు నొప్పెడితే కూచోడానికి పక్కన ఒక స్టూలు వేసుకుందామని భార్య కూడబెట్టుకున్నది. ఆవిడే తీసి ఇచ్చింది. "ముందు మీ చోటు నిలబడనీండి, నా బండి ఎక్కడికి పోతుంది," అంది. బావమరిది ఫోన్ నొక్కాడు, డబ్బు వెళ్లిపోయింది. అప్పుడు అడిగింది ఆవిడ.

"ఇంతకీ అతని పేరేమిటి?"

"అడగలేదు."

"ఏ ఊరు?"

"అదీ అడగలేదు."

"మరి అంతసేపు ఏం మాట్లాడారండీ?"

"మాట్లాడలేదు. విన్నాను."

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు చెప్పుల వైపు చూసుకున్నాడు.

పార్సిల్ బయల్దేరిందని కబురొచ్చింది. పొడుగు బాబాయి క్లారినెట్ మూతికి బిగించే కొత్త రీడ్లు కొనుక్కొచ్చాడు. బ్యాండు గదికి వెళ్లి డ్రమ్మువాడి దగ్గర్నుంచి తాళాలు కొట్టేవాడి దాకా అందరికీ ఆ క్లారినెట్ గురించి చెప్పాడు. కింది స్వరం పలికితే కడుపులో చల్లగా ఉంటుందర్రా అన్నాడు. ఆ తర్వాత, వాయిద్యాలకి విడిగా బీమా కట్టాలట, కట్టకపోతే పార్సిల్ మధ్యలోనే ఆగిపోతుందట అని ఇంకో కబురు వచ్చింది. బావమరిది దగ్గర చేబదులు తీసుకుని, భార్యకి చెప్పకుండా అదీ కట్టాడు. ఆ మర్నాటినుంచి అవతలి ఫోన్ పలకడం మానేసింది.

"బావా, నిన్ను నిలువునా ముంచేశారు," అన్నాడు బావమరిది.

"ఛ, ఊరుకో. ఫోన్ పాడయ్యుంటుంది."

"పార్సిల్ నంబరు కూడా ఉత్తదే బావా. పార్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నా. అలాంటి నంబరే లేదన్నారు."

"ఒక అంకె అటూ ఇటూ రాశాడేమో."

మనిషి తన నెత్తిన పిడుగు పడిందని ఒప్పుకోడానికి ఎంత మొరాయిస్తాడో చూడండి! చివరికి భార్యే రెక్క పట్టుకుని పోలీసు స్టేషన్‌కి లాక్కెళ్లింది. అక్కడ ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా, పాపం, మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"మనిషిని చూశారా?"

"లేదండి."

"ఫొటో ఉందా? అడ్రసు? ఏదో ఒక ఆనవాలు చెప్పండి. ఎదురుపడితే గుర్తుపట్టగలరా?"

"వాయిస్తే గుర్తుపడతానండి," అన్నాడు పొడుగు బాబాయి.

గుమాస్తా కలం ఆపేశాడు. పక్కబల్ల దగ్గరున్న అతన్ని పిలిచి, "ఒరేయ్ ఇటు రా, ఇది విను," అన్నాడు. ఆ నవ్వులకి బయట కానిస్టేబుళ్లు కూడా తొంగిచూశారు. భార్యకి మొహం కందగడ్డలా అయిపోయింది. "నవ్వండి నాయనా నవ్వండి, మీ ఇంట్లోవాళ్లకి జరిగినప్పుడు కూడా ఇలాగే నవ్వండి," అని కడిగిపారేసింది. కడిగితే ఏమొచ్చింది? రసీదు ఇచ్చి పంపారు. బ్యాంకులో, 'మీ చేత్తో మీరే పంపారు కదమ్మా' అన్నారు. ఆ ప్రకటన కనబడిన పాత సామాన్ల కంపెనీ నుంచి 'మీ సంతృప్తే మా లక్ష్యం' అని ఒక సందేశం వచ్చింది. దాన్ని బావమరిది చదివి వినిపించబోతే అక్క ఫోన్ లాక్కుంది. చెప్పులరిగేలా తిరిగారు, అరిగినవి చెప్పులే.

సీజన్ ముంచుకొస్తోంది. అప్పుడు, ఇంక ఆ డబ్బుకి నీళ్లొదులుకున్నాక, అదే క్లారినెట్ ఫొటో మళ్లీ కనబడింది. వేరే పేరు, వేరే నంబరు. బావమరిది ఎగిరి గంతేశాడు. అక్కనీ బావనీ తన కొట్టులో వెనకాల కూచోబెట్టి, కవర్ల కట్టల మధ్య ఫోన్ పెట్టి, స్పీకర్ నొక్కాడు.

"నువ్వు కిక్కురుమనకు బావా. మెల్లగా మాటల్లో పెట్టి, డబ్బు చేతికే ఇస్తాం, ఎక్కడికి రావాలో చెప్పు అంటాను. వస్తే మెడ పట్టుకుందాం."

"మా నాన్నగారిదండీ," అంది అదే మెత్తటి గొంతు. బావమరిది బాగానే నటించాడు. నాకేం తెలీదు, మా వాడు నేర్చుకుంటాడట, కాస్త వినిపించండి అన్నాడు. అవతల క్లారినెట్ మొదలైంది. కొట్టు ముందు బేరమాడుతున్న ఒకావిడ మాట ఆపేసి అటు తిరిగింది. అదే చెయ్యి, అదే ఊపిరి. ఇది రికార్డూ కాదు, మాయా కాదు. క్లారినెట్ ఉంది, వాయించేవాడున్నాడు. అది ఇంతవరకూ ఎవరికీ వెళ్లలేదు, ఎన్నడూ వెళ్లదు. అది తెలిసిపోయేసరికి పొడుగు బాబాయి ఫోన్ మీదికి వంగాడు.

"అది నాకు అమ్మావు కదయ్యా," అన్నాడు.

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. అవతల వాయిద్యం ఆగింది. ఫోన్ పెట్టేస్తాడనుకున్నారు. పెట్టలేదు.

"కింది స్వరాలు అడిగిన అన్నగారేనా?" అన్నాడు వాడు. "మీరొక్కరే అడిగారు అలా. మిగతావాళ్లు రెండు ముక్కలు వినీ వినకుండానే పంపేస్తారు."

"నా చోటు పోతుందయ్యా. మా ఆవిడ డబ్బది. డబ్బన్నా పంపు, క్లారినెట్ అన్నా పంపు."

"డబ్బు అయిపోయిందన్నా. మా బ్యాండు మూసేసి చాలాకాలమైంది. ఇది అమ్మేస్తే నాకింకేం మిగలదు."

"మరి నాకేం మిగిలిందిరా?" అని అరిచాడు పొడుగు బాబాయి. ఆయన అరవగా భార్య అదే మొదలు వినడం. అవతల ఒక్క నిట్టూర్పు వినిపించింది, ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే పలకలేదు.

వాడి కష్టం వాడిదట! కష్టముంటే ఒకడి నోటి దగ్గరిది లాక్కోవాలా? బావమరిది బూతులన్నీ వరసపెట్టి తిట్టాడు. భార్య మాత్రం ఇంటికొచ్చాక, తలుపు గడియ పెట్టి, గోడకి చేరగిలబడి ఏడ్చింది. "నా కాళ్లు పడిపోయేదాకా నిలబడాల్సిందేనా ఇంక," అంది. తిట్టి ఉంటే ఆయనకి బాగుండేది.

సీజన్ మొదటి పెళ్లికి కీబోర్డు బండి వచ్చింది. పొడుగు బాబాయి ఎర్రకోటు తిరిగిచ్చేద్దామని గదికి వెళ్తే మాస్టారు పక్కకి పిలిచాడు.

"కోటు ఉంచుకో బాబాయ్. పార్టీవాళ్లు తలలు లెక్కపెట్టి డబ్బిస్తారు. వరసలో మనిషి తగ్గితే ఒప్పుకోరు. నీ పాతది నోట్లో పెట్టుకుని వేళ్లు ఆడిస్తూ నడువు. ఊదకు మాత్రం, కీచుమంటే పరువు పోతుంది. క్లారినెట్ కీబోర్డులోంచి వస్తుందిలే. సగం కూలి ఇస్తాను."

పొడుగు బాబాయి కోటు తొడుక్కున్నాడు.

ఊరేగింపు దీపాల మధ్య కదిలింది. దారం చుట్టిన క్లారినెట్ పెదాల మధ్య పెట్టుకుని, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ నడిచాడు. వేళ్లు మాత్రం తప్పు పడలేదు. ఏ స్వరానికి ఏ మీటో ఆ మీటే నొక్కాడు. వద్దనుకున్నా అవి అలాగే పడుతున్నాయి. వెనక బండిమీద స్పీకర్లలోంచి క్లారినెట్ కమ్మగా మోగుతోంది.

ఒక మలుపు దగ్గర ఊరేగింపు ఆగింది. పెళ్లివారి తరఫు పెద్దాయన ఒకడు, చేతికర్ర పట్టుకుని జనాన్ని తోసుకుంటూ నేరుగా పొడుగు బాబాయి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎంత బాగా వాయిస్తున్నావయ్యా! నా చిన్నప్పుడు విన్నాను ఇలాంటి వాయింపు. ఏదీ, నాకోసం కింది స్వరాల్లోంచి పైకి ఒక్కసారి రా."

పొడుగు బాబాయి మాస్టారు వైపు చూశాడు. మాస్టారు కీబోర్డు వాయించేవాడి వైపు చూసి తలాడించాడు. స్పీకర్లలోంచి కింది స్వరం లేచింది. పొడుగు బాబాయి వేళ్లు కదిలాయి. పెద్దాయన కళ్లు మూసుకుని, తల ఊపుతూ, ఆయన ముందే నిలబడి చివరిదాకా విన్నాడు. ఆ కళ్లమ్మట నీళ్లు దిగాయి. తుడుచుకుని, జేబులోంచి ఒక నోటు తీసి ఎర్రకోటు జేబులో పెట్టాడు.

"నిజమైన వాయింపంటే ఇదీ," అన్నాడు.

పొడుగు బాబాయి క్లారినెట్ దించి ఆయనకి దణ్ణం పెట్టాడు. నోటు మాత్రం తిరిగివ్వలేదు.