నేను నిద్రపుచ్చిన ప్లేట్‌లెట్లు

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే నలుగురు మగవాళ్ల రక్తం అక్కరకు రాకుండా పోయింది. మా బావ ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడు నేను ఇందుకూరుపేట దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. ఉద్యోగం కొత్త, గర్వం మాత్రం రిటైరయ్యే వయసుది. ఆ ఏడు వానలు పట్టి రోడ్డూ రొయ్యల గుంటా ఒకటైపోయాయి. ఊళ్లో సుఖంగా ఉన్నవి దోమలే. మా అక్క మొగుడికి డెంగీ వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు.

"చిగుళ్లలోంచి రక్తం కారతా ఉందే. ప్లేట్‌లెట్లు పడిపోయినాయంట. బీ పాజిటివ్ వాళ్లని పిల్చుకొని రమ్మన్నారు" అని అక్క ఫోన్లో ఏడ్చింది.

బావతో కలిసి రొయ్యల గుంటలు చేసేవాళ్లలో ఆ గ్రూపువాళ్లను నలుగురిని పోగేసి వ్యాన్ ఎక్కించాను. ఎక్కించి ఊరుకోవచ్చు కదా? పాఠం మొదలుపెట్టాను.

"ఎర్రకణాలు ఊపిరి మోసే లారీలన్నా. తెల్లకణాలు రోగాల్ని పట్టుకునే పోలీసులు. ప్లాస్మా అని పసుప్పచ్చటి నీళ్లు, ఇవన్నీ అందులోనే తిరుగుతుంటాయి. ఇంక ప్లేట్‌లెట్లంటే, గుంట కట్ట తెగితే గండి పూడ్చే కూలోళ్లు."

"అయితే మనోడికి కట్ట తెగినట్టా పాపా?" అన్నాడు ఆ నలుగురిలో ఒకడైన శీనన్న.

అద్దాల మీద వాన కొడుతూనే ఉంది.

కాసేపటికి ఆయనే మళ్లీ గొంతు తగ్గించి, "సూది లావుగా ఉంటదంట కదా, నొప్పి పుట్టదా?" అన్నాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. నాలో వైద్యురాలు నిద్రలేచింది. మందుల షాపు ముందు వ్యాన్ ఆపించి, ఆస్పిరిన్ మాత్రలు కొని అందరికీ పంచాను. "ముందే వేసుకుంటే గుచ్చినట్టే తెలీదన్నా!" వాళ్లు తీర్థప్రసాదంలా కళ్లకద్దుకుని మింగారు.

రక్తం తీసుకునేచోట డాక్టరమ్మ అడిగింది: "ఈమధ్య మాత్రలేమన్నా వాడినారా?"

"ఇప్పుడే మేడమ్! మా టీచరమ్మే ఇచ్చింది" అన్నాడు శీనన్న, పతకం వచ్చినంత సంబరంగా.

నేనూ అంతే సంబరంగా మాత్రల అట్ట చూపించాను. ఆమె మొహం మాడిపోయింది.

"ఆస్పిరిన్ పడితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవమ్మా. కొన్నాళ్లదాకా వీళ్లవి పనికిరావు."

"అంటే కూలోళ్లకి కల్లు పోసి గండి కాడికి తోలినట్టా మేడమ్?" అన్నాడు శీనన్న.

"అచ్చం అట్టనే."

డాక్టరమ్మ వెంట బావ ఉన్న వార్డుకు వెళ్లాం. బావ పక్క మంచం మీది పెద్దాయన ఆ మధ్యాహ్నమే పోయాడు. ఆయనకు రక్తం ఇవ్వాల్సినవాళ్లు వానలో ఎక్కడో చిక్కుకుపోయారట. అక్క ఆ ఖాళీ మంచం వైపే చూస్తోంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "నువ్వు వేసుకున్నావా మాత్ర?"

"లేదు మేడమ్, నాకెందుకు?"

"నీ గ్రూపేంది?"

నాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మీకు మాత్రం నిజం చెబుతాను: సూదిని చూస్తే నా పైప్రాణాలు పైనే పోతాయి. ఊరంతా తిరిగి నలుగురిని పోగేసింది అందుకే.

"దానిదీ బీ పాజిటివే మేడమ్." అప్పటికి నోరు తెరిచింది అక్క.

బరువన్నా చాలకపోతుందేమోనని ఆశపడ్డాను. తూకం యంత్రం కనికరించలేదు. మెడిసిన్ ఎంట్రన్సు పరీక్షలో తప్పినదాన్ని, ఆ రక్తపరీక్షలన్నీ ఒక్క దెబ్బకు పాసయ్యాను. యంత్రం నా రక్తం లాక్కుని, ప్లేట్‌లెట్లు ఉంచుకుని, మిగతాది తిరిగి పంపుతుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"మేడమ్, నొప్పికి ఏదన్నా..."

"మాత్ర మాటెత్తబాక పాపా!" గుమ్మంలోంచి శీనన్న కేక.

బావ బతికాడు. బొమికల గూడులా ఇంటికొచ్చిన రోజునే అన్నాడు: "నీ ప్లేట్‌లెట్లు ఎక్కినకాడి నుంచి నాక్కూడా అందరికీ సలహాలు చెప్పబుద్ధవతా ఉంది మే."

"అవి పదిరోజులు కూడా బతకవులే బావా."

"అమ్మయ్య!" అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆనాడే సర్వదేవతల సాక్షిగా శపథం పట్టాను. ఎవరికి తలనొప్పి వచ్చినా జాలిగా తల ఊపుతాను, కావాలంటే కన్నీళ్లు కూడా పెడతాను. మాత్ర మాత్రం ఇవ్వను.