అమ్మ చెప్పిన రెండో సాక్ష్యం

మా చిన్నప్పుడు... ఎనభైల్లో, మిరపకోతల కాలంలో ఒక ఆదివారం ఉదయం, మా అమ్మ చర్చిలో లేచి నిలబడి ప్రార్థనతో తన ఒళ్ళునొప్పులు పూర్తిగా పోయాయని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మంగళవారానికి నొప్పులు మళ్ళీ వచ్చాయి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాన్న పేటలో జిన్నింగ్ మిల్లుకు వెళ్ళేవాడు. అమ్మ కూలీల ముఠాతో కలిసి పత్తికీ మిరపకూ కూలికి వెళ్ళేది. ఆ నొప్పి ఒకచోట ఉండేది కాదు... ఇవాళ మెడ, రేపు తుంటి. రాత్రంతా పడుకున్నా నిద్రపోనట్టే లేచేది. చెయ్యి పైకి లేవని రోజుల్లో ఆమెకు నేనే జడ వేసేదాన్ని. పేటలో డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, "ఎముకలు బాగున్నాయమ్మా, ఏమీ లేదు" అన్నారు.

"ఏమీ లేనిదానికి అంత మూలుగెందుకే?" అనేది మా నాయనమ్మ. అంటూనే బాలింతలకు కాచినట్టు వావిలాకు వేసి స్నానానికి నీళ్ళు కాచేది.

నాకూ అమ్మకూ ఒక పద్ధతి ఉండేది. ఒళ్ళు తగిలినా ఆమెకు నొప్పే. అందుకని మంచం ఎక్కే ముందు "ఏ పక్క?" అని అడిగేదాన్ని. "ఇవాళ ఎడమ పక్కకి రా తల్లీ" అనేది. అటు చేరి పడుకునేదాన్ని.

సాక్ష్యం చెప్పాక ఆ పద్ధతి పోయింది... దేవుడి ముందు పోయిందని చెప్పిన నొప్పి తిరిగొచ్చిందని ఎవరితో అంటుంది? "ఏ పక్క?" అంటే "ఏ పక్కైనా ఒకటే" అనేది. నేను ఆనుకోగానే ఊపిరి బిగబట్టేది. నాకు తెలిసేది. నయమైందిగా అని నాయనమ్మ నీళ్ళు కాచడం మానేసింది.

మా వైపు మిరపకోతలో మనిషికో మొక్కల సాలు. ఎవరైనా వెనకబడితే, ముందు ముగించినవాళ్ళు అవతలి కొస నుంచి కోసుకుంటూ ఎదురొస్తారు. అమ్మకి ఎప్పుడూ అదే ముఠాలోని సుగుణత్త ఎదురొచ్చేది. ఆ వారం రాలేదు. "మా వదినకి స్వస్థత వచ్చింది. ఇక తనే నాకు ఎదురు రావాలి" అని నవ్వుతూ గట్టున కూర్చుంది.

శనివారం నేనూ చేలోనే ఉన్నాను. అందరి సాళ్ళూ అయిపోయాయి... అమ్మ ఇంకా సగంలోనే ఉంది. కోసిన కాయలు ఒడిలో పడకుండా వేళ్ళలోంచి జారిపోతున్నాయి. సుగుణత్త లేచి దగ్గరికొచ్చింది.

"వదినా, మళ్ళీ వచ్చిందా?"

"రాలేదే."

"మరి ఆ కళ్ళనీళ్ళేంటి?"

"మిరపకాయ చెయ్యి తగిలింది."

మా ప్రాంతంలో ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న ఉండదు. అత్త అవతలి కొసకి వెళ్ళి, కోసుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరూ ఒకే మొక్క దగ్గర కలుసుకున్నాక అమ్మ మెల్లగా, "రేపు చెప్పేస్తాను సుగుణా" అంది.

"నవ్వుతారు వదినా."

"నవ్వనీ. దాచలేక చస్తున్నా."

మర్నాడు అమ్మ మళ్ళీ లేచింది. "పోయిన వారం నేను చెప్పింది అబద్ధం కాదండి. ఆ రోజు నిజంగానే నొప్పి లేదు. మంగళవారం వచ్చింది. ఇప్పుడూ ఉంది. సాక్ష్యం చెప్పినదాన్ని కదా అని దాచాను. దాస్తే ఇంకా ఎక్కువైంది."

వెనక చాప మీంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఆ ముక్క మంగళవారమే చెబితే నీళ్ళు కాచేదాన్ని కదే!"

చర్చంతా నవ్వింది. అమ్మ కూడా. అప్పట్లో అందరం చాపల మీదే కూర్చునేవాళ్ళం, ఉన్న ఒక్క కుర్చీ పాస్టరు అయ్యగారిది. ఆయన దాన్ని ఎత్తుకొచ్చి అమ్మ వెనక వేసి, "కూర్చుని చెప్పమ్మా" అన్నారు.

నొప్పి పోలేదు. దానితో ఎలా మెలగాలో అమ్మ నేర్చుకుంది. పొద్దున వేణ్ణీళ్ళు పోసుకుని, ఒళ్ళు సాగాకే పనిలోకి దిగేది. కాసేపు కోత, కాసేపు కల్లంలో నిలబడి కాయలు తిరగేయడం. నొప్పి ముదరక ముందే ఆగేది. సుగుణత్త ఎదురొచ్చేది. రాత్రి నేను అడగకముందే, "ఇవాళ కుడి పక్క" అనేది.

నాకు నలభై దాటాక అవే నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి రిపోర్టరుగా ఊళ్ళు తిరుగుతున్నాను. గుంటూరులో డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి ఫైబ్రోమయాల్జియా అన్నారు. రిపోర్టుల్లో ఏమీ కనిపించకపోయినా నొప్పి నిజమేనన్నారు. నడక, నిద్ర, పనిని ముక్కలు చేసుకోవడం... మందులు కొంత, అదే వైద్యమన్నారు. ఇంటికొచ్చి అమ్మకి పేరు చెప్పాను. అమ్మకూ అదే జబ్బని తర్వాత ఆమెను చూసి ఆ డాక్టరు గారే చెప్పారు.

"పేరు ఇంత పొడుగ్గా ఉందేంటే... అందుకే ఎక్స్‌రేలో పట్టలేదేమో" అంది అమ్మ.

ఇప్పుడు జబ్బుకి పేరుంది, మాత్రలున్నాయి. చేలో ఎదురొచ్చే ముఠాలే తగ్గాయి... మీ ఇళ్ళల్లో కూడా "ఏమీ లేని" నొప్పితో బతికిన అమ్మలుంటే, వాళ్ళకి ఎవరు ఎదురొచ్చారో రాయండి.

వచ్చే ఆదివారం మా ఊరి చర్చిలో స్త్రీల కూడిక. నా జబ్బు గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నయమైందని చెప్పను. అమ్మా వస్తానంది. బయల్దేరే ముందు, కారులో ఎవరు ఏ పక్క కూర్చోవాలో ఇద్దరం ఒకరినొకరు అడిగి తేల్చుకోవాలి.