మా నాన్న ఊరి మీద ఎర్రటి ఆకాశం

ఆ రోజుల్లో, అంటే పన్నెండో క్లాసు పాసై ప్రపంచంలో నాకు తెలియనిదేదీ లేదనుకునే రోజుల్లో, భిలాయిలో ఒక క్లబ్బువాళ్లు ఓ సాయంత్రం బొమ్మల డాక్యుమెంటరీ వేశారు. మంచు ప్రాంతాల ఇన్యూట్ జనం పట్నాలకు వలస వచ్చిన కథ. గొంతులు నిజమైనవి, మనుషులు మాత్రం గీసిన బొమ్మలు. ఇంటికి రాగానే, శ్రీకాకుళం నుంచి స్టీల్ ప్లాంటుకొచ్చిన మా నాన్న కథ నేనూ అలాగే తీస్తానని ప్రకటించాను. అసలు గొడవేమిటంటే, నేను బొమ్మల కాలేజీలో చేరతానంటున్నాను, నాన్న టీచరు ట్రైనింగ్ అంటున్నారు. "ముందు ఆ సినిమా సూపించు. బాగుంటే ఆ కాలేజీ పారం మీద సంతకం పెట్టీస్తాను," అన్నారు.

ఆయన మాటలు టేపులో పట్టడానికే వారం పట్టింది. (ఊరెందుకు వదిలారని అడిగితే, తోవలో ఆవకాయ జాడీ పగిలిన సంగతి మూడుసార్లు చెప్పారు.) పెళ్లి వీడియోలు తీసే భయ్యా నేను గీసిన ఒక్కో బొమ్మనూ కెమెరాకెక్కించి, అలవాటు మానుకోలేక, నాన్న రైలెక్కే చోట చుట్టూ గులాబీలు, పైన రెండు హంసలు పెట్టాడు.

సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందుగదిలో, ఇరుగుపొరుగు అందరి ముందూ క్యాసెట్ పెట్టాను. హంసల్ని నాన్న క్షమించారు. తర్వాత టేపులో ఆయన గొంతు, "పొద్దుగూకి సీకటడ్డాక ఊరొదిలీసేను" అంది. టీవీలో ఊరి మీద ఆకాశం ఎర్రగా భగ్గుమంది. నాన్న లేచి నిలబడ్డారు.

"ఒలే, మా ఊరు తగలెట్టీసినావేటే?"

గది గొల్లుమంది. నా కాలేజీ గోవిందా అనుకున్నాను. "చీకటిపడితే ఆకాశం ఎర్రగానే ఉంటుంది కదా నాన్నా?" అన్నాను ఏడుపు గొంతుతో. భిలాయిలో పుట్టిన నాకు తెలిసిన చీకటి అదే. ప్లాంటువాళ్లు రాత్రిళ్లు, ఇనుము తీయగా మిగిలిన మరిగే స్లాగ్ పారబోస్తే ఆ మంటకి ఆకాశమంతా ఎర్రబడేది. నాన్న ఊరు నేను ఒక్కసారీ చూడలేదు. రంగు వేసేటప్పుడు ఆలోచించనైనా లేదు, చెయ్యి దానంతటదే ఎరుపు సీసా మీదికి పోయింది.

"నల్లగుంటాదమ్మా. సుక్కలుంటాయి," అన్నారు నాన్న. మెల్లగా కూర్చుని, ఇన్నేళ్లలో అమ్మకు కూడా చెప్పని ముక్క బయటపెట్టారు.

"నానొచ్చిన తొలినాడు ఆ ఎరుపు సూసి, ప్లాంటు అంటుకుపోనాదని పెట్టె అట్టుకుని టేసన్‌కి పరుగెట్టినాను. టీకొట్టోడు ఆపీసినాడు. 'అరే భయ్యా, రోజ్ హోతా హై' అన్నాడు. రోజూ ఉండేదేనట!"

ఈసారి అందరికన్నా ముందు నవ్వింది అమ్మే. "అదీ గియ్యి," అంటూ నాన్న జేబులోంచి పెన్ను తీశారు. ఆ ఫారం నేను పరుగెత్తి తెచ్చాను.

ఇప్పుడు నేనుండే ఊళ్లో ఆకాశం నల్లగానే ఉంటుంది, చుక్కలూ ఉంటాయి. అయినా నలభై దాటిన ఈ మనిషి ఒక్కోసారి డాబా మీద తలెత్తి చూసి, ప్లాంటు ఆగిపోయిందేమోనని కంగారుపడుతుంది. ఆ మాట ఫోన్లో చెబితే నాన్న ఒకటే అంటారు, "మరేటి సూస్తావు? పెట్టె అట్టుకుని పరుగెట్టు."