మిరపకాయ నలగని మిక్సీ

తప్పు నాదే. ఆ మాట ముందే చెప్పేస్తే, చదివేవాళ్లకి నన్ను ఓదార్చే పని తప్పుతుంది.

మా అమ్మ ధవళేశ్వరంలో చేపలమ్మింది. పొద్దున్నే రేవుకి వెళ్లి, పడవల దగ్గర బేరమాడి, గంప నెత్తిన పెట్టుకుని కడియం దాకా నడిచేది. చుట్ట కాల్చేది. మామూలుగా కాదు, అడ్డపొగ. అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. మావాళ్లలో ఆ వయసు ఆడవాళ్లు చాలామంది అంతే. రేవు గాలికి చుట్ట ఆరిపోకుండా నిప్పుని నోట్లోనే దాచుకుంటారు. "కాలదా అమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, "అలవాటైపోద్దే" అనేది.

అరవై దాటాక అంగుట్లో పుండు పడింది. మానలేదు. రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్తే, ముక్క తీసి పరీక్షకి పంపించి, క్యాన్సరన్నారు. నేను డాక్టరుగారి ముందే అమ్మ మీద అరిచాను. "ఎన్నిసార్లు చెప్పానే మానెయ్యమని! విన్నావా?" అమ్మ నా వైపు చూడలేదు. గోడ మీద ఫ్యాను స్విచ్చుల వైపు చూస్తూ కూర్చుంది.

అప్పట్నుంచి అమ్మ రాజమండ్రిలో మా ఇంట్లోనే. నేను బట్టలు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే రోజూ ఆసుపత్రికి. ఆసుపత్రివాళ్లు రేడియేషన్ అంటారు, వరండాలో బల్లల మీద కూర్చునేవాళ్లందరూ కరెంటంటారు. రెండు వారాల కరెంటుకే అమ్మ నోరంతా పచ్చి పుండైపోయింది. అన్నం మెతుకు తగిలితే కళ్లమ్మట నీళ్లు. మాట కూడా కరువైంది, అవసరమైతే ఒక్క ముక్క, లేకపోతే చేతి సైగ.

ఏం పెట్టాలో చెప్పడానికి ఆసుపత్రిలో ఒక మేడమ్ ఉండేవారు. ఆవిడ ఒక కాగితం ఇచ్చారు. పళ్ల స్మూతీలు రోజుకి నాలుగుసార్లు. గింజ ఉండకూడదు, పీచు ఉండకూడదు, పులుపు తగలకూడదు. "కారం మాటే వద్దండి" అని నొక్కి మరీ చెప్పారు. ప్రతి సోమవారం బరువు చూస్తారు. ఇంకో రెండు కేజీలు తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, లేకపోతే కరెంటు ఆపెయ్యాలి, మధ్యలో ఆపితే ఇప్పటిదాకా పెట్టినదంతా దండగ. ఇదీ ఆవిడ చెప్పింది. ఎదురుబల్ల మీద ఒకాయనకి అలాంటి గొట్టమే ఉంది. అమ్మ ఆయన్ని చాలాసేపు చూసి, "ఏస్తే పీకేత్తాను" అంది. ఆ వారంలో అమ్మ మాట్లాడింది అంతే. అన్నంత పనీ చేసే మనిషని నాకు తెలుసు.

ఇక్కడ అమ్మ గురించి ఇంకో సంగతి చెప్పాలి. మా అమ్మ ఎంగిలి ముట్టదు. చేపలమ్ముకునేదానికి ఇంత మడేంటని ఊళ్లో ఎగతాళి చేసేవారు. అయినా గంపలో తన గ్లాసు తనకుండాల్సిందే, ఏ ఇంట్లో మంచినీళ్లిచ్చినా ఆ గ్లాసులో పోయించుకునేది. చిన్నప్పుడు నేను జాంకాయ కొరికి ఇవ్వబోతే ఒప్పుకునేది కాదు. కాయ మీద తన కొంగు కప్పి, ఆ గుడ్డ మీంచి కొరకమనేది. కాకెంగిలి అంటామే, అది. కన్నకూతురి ఎంగిలి కూడా పనికిరాదు ఆ మహాతల్లికి.

కాగితం ఇచ్చిన మర్నాడు పొద్దున్న మా ఆయనకి చేపల పులుసులోకి మసాలా తిప్పాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే మిక్సీ. ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి. తర్వాత ఆ జారుని సబ్బు పెట్టి రెండుసార్లు తోమాను. మరిగే నీళ్లు పోసి తొలిచాను. వాసన చూశాను, ఏమీ లేదు. బొప్పాయి ముక్కలు, పాలు వేసి తిప్పాను. నురగలా వచ్చింది. గ్లాసులో పోశాక ఒక్క గుక్క రుచి చూద్దామా అనిపించింది. అమ్మ ఎంగిలి ముట్టదు కదా అని మానేశాను. అరచేతిలో చుక్కేసుకుని నాకితే ఎంగిలవదు, ఆ మాత్రం నాకు తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది.

మూత లోపల రబ్బరు వాచరు ఉంటుంది. కారమంతా దాని కింద దాక్కుంది.

అమ్మ రెండు గుక్కలు ఒకేసారి మింగింది. ఆ తర్వాత అమ్మ నోట్లోంచి వచ్చిన కేకని నేను చెప్పలేను. గ్లాసు గోడకి తగిలింది. మనిషి నేల మీద పడి, నోట్లో చీరకొంగు కుక్కుకుని, కాళ్లు కొట్టుకుంది. నేను చన్నీళ్లు తెచ్చాను, వెన్న తెచ్చాను, ఏం చేస్తే మంటో ఏం చేస్తే చల్లనో తెలియక చుట్టూ తిరిగాను. నన్ను దగ్గరికి రానివ్వలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది, నేనేదో కొట్టడానికి వస్తున్నట్టు.

ఆ తర్వాత మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. కొత్త జారు తెస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. నేను పక్కింట్లో తిప్పించి తెచ్చినా నోరు తెరవలేదు. మా వంటింట్లో మిక్సీ మోత వినపడితే చాలు, పెదాలు బిగించి గోడ వైపు తిరిగిపోయేది. సోమవారం కిలోన్నర తగ్గింది. "ఇంకో అరకేజీ, అంతేనండి," అన్నారు మేడమ్. నేనక్కడే ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమో గానీ, ఆ సాయంత్రమే అమ్మని ఆటో ఎక్కించి మెయిన్ రోడ్డులో ఒక మిక్సీల కొట్టుకి తీసుకెళ్లాను. కొత్తది తన కళ్ల ముందు కొంటే తప్ప నమ్మదని నాకర్థమైంది.

కొట్టాయన అమ్మకి స్టూలు వేశాడు. "ఎన్ని వాట్లది కావాలండి?"

"తక్కువదండి."

"తక్కువంటే వాట్లాండి, రేటాండి?"

"రెండూనండి."

ఆయన అలాంటివాళ్లని చాలామందిని చూసుంటాడు. మూడు జార్లది దించాడు. "దీని మీద మంచి ఆఫరుందండి. పసుపు కొమ్ము వేసినా పిండైపోద్ది. అల్లం, కొబ్బరి, ఎండుమిరపకాయలు..." మిరపకాయ మాట వినగానే అమ్మ స్టూలు మీంచి లేచి గుమ్మం దాకా వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీద. "ఏవండీ, మిరపకాయ నలగని మిక్సీ ఉందా మీ దగ్గర?" అన్నాను.

ఆయన నవ్వాడు, వేళాకోళం అనుకుని. అమ్మ నోటికడ్డంగా పెట్టుకున్న తువ్వాలు చూశాడు, నవ్వు ఆపేశాడు. సంగతి చెప్పాను. నేను చేసిన పని కూడా చెప్పాను, దాచలేదు. కాసేపు బుర్ర గోక్కుని, "అందరూ గట్టిగా తిప్పేది అడుగుతారండి. తిప్పలేనిది కావాలని ఎవరూ అడగలేదు" అని నిచ్చెనేసుకుని పై అరలోంచి దుమ్ము పట్టిన ఒక చిన్నదాన్ని తీశాడు. సీసాలా ఉంది, కింద మోటారు, ఫోనులాగే ఛార్జింగు. ఫోన్లో ప్రకటనల్లో అమ్మాయిలు ఎర్రటి పళ్లేసి తిప్పుకుంటూ తాగుతుంటారే, అలాంటిది.

"నిజం చెప్పేస్తున్నానండి, కొన్నవాళ్లు తెచ్చి నా మొహాన కొడుతున్నారు. పచ్చడికి పనికిరాదు, ఐసు వేస్తే ఆగిపోద్ది. మెత్తటి పండైతే మాత్రం తిప్పుద్దండి."

అమ్మ గుమ్మం దగ్గర్నుంచి తిరిగొచ్చింది. సీసా చేతిలోకి తీసుకుని మూత తీసింది, లోపల వేలు పెట్టి రబ్బరు తడిమింది. ఆయన వైపు చూసి, చూపుడువేలు వంచి మిరపకాయలా చూపించింది. ముందు నాకే అర్థం కాలేదు. "మిరపకాయ వేసి చూపించమంటోందండి" అన్నాను చివరికి.

"అమ్మే పీసులో వద్దు మామ్మగారూ, ఇది షోకి పెట్టింది, దీంట్లో వేద్దాం" అని ఆయన పక్కన కిరాణా కొట్టుకెళ్లి ఒక ఎండుమిరపకాయ తెచ్చాడు. ముగ్గురం ఆ సీసా మీదికి వంగాం. బుర్రుమంది. మిరపకాయ గోడలకి కొట్టుకుంటూ తిరిగి తిరిగి, రెండు ముక్కలై ఊరుకుంది. గింజలు కూడా పూర్తిగా రాలలేదు. అమ్మ మొహంలోకి నవ్వొచ్చింది. పెదవి చిట్లి రక్తం కనపడగానే ఆపేసుకుంది.

బేరం మాత్రం వదల్లేదు. ఆయన చెప్పిన రేటుకి అమ్మ వేళ్లు చూపించింది, ఆయన కుదరదన్నాడు, అమ్మ ఒక వేలు కలిపింది. చేపల గంప దగ్గర ఎన్నేళ్లు అవతలి వైపు కూర్చుందో! ఆఖరికి ఆయనే చేతులెత్తేసి, సీలున్న పెట్టె తీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న అమ్మ మంచం పక్కనే కూర్చుని తిప్పాను, వంటింట్లో కాకుండా. పండిన సపోటా నాలుగు, తొక్క, గింజలు తీసి, గోరంత ముక్కలు చేశాను. సగం చక్కెరకేళి పండు, కాచి చల్లార్చిన పాలు. ఆ సీసా మిక్సీకి దమ్ము లేదు. అర నిమిషం తిరిగితే ఒళ్లు వేడెక్కేది, కాసేపు ఆపాలి, మళ్లీ తిప్పాలి. ఆ తర్వాత ఉతికిన మల్లు గుడ్డలో వడకట్టాను. ఒక గ్లాసు దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

గ్లాసు అందించాను. అమ్మ తాగలేదు. చెంచా తీసుకుని, నిండా ముంచి, నా నోటి దగ్గర పెట్టింది.

"ఎంగిలవుద్దే అమ్మా."

చెంచా తియ్యలేదు. జావ చుక్కలు నా ఒళ్లో పడుతున్నాయి, అయినా తియ్యలేదు. మింగాను. అమ్మ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది, నా కళ్లల్లో నీళ్లు తిరుగుతాయేమో అని. తిరగలేదు. అప్పుడు అదే చెంచా, కడగనైనా కడక్కుండా, అదే గ్లాసులో ముంచుకుని తాగింది.

నేను దొడ్లోకి వెళ్లి ఏడ్చాను. అమ్మ తాగిందన్న సంతోషం కాదది. అరవయ్యేళ్లు ఎవరి ఎంగిలీ ముట్టని మనిషికి, కూతురిని నమ్మడం కన్నా దాని ఎంగిలే నయమనిపించింది.

అలా రోజుకి నాలుగుసార్లు. ముందు నాకొక చెంచా, తర్వాత అమ్మకి. సపోటా దొరక్కపోతే కర్పూరం అరటిపండు, అదీ లేకపోతే బాగా పండిన బొప్పాయి. పళ్ల జావ అని తనే పేరు పెట్టింది. స్మూతీ అనే మాట తన నోటికి రాలేదు. తర్వాతి సోమవారం బరువు తగ్గలేదు. ఆ పై సోమవారమూ తగ్గలేదు. "నిలబడిందండి" అన్నారు మేడమ్. గొట్టం లేకుండానే కరెంటు పూర్తయింది. ఒకరోజు ధైర్యం చేసి, "అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. అమ్మ నా నోట్లో చెంచా పెట్టేసింది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నాలుగు నెలలకి మెడ కింద గడ్డ కట్టింది. మళ్లీ పరీక్షలు చేశారు. ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టమన్నారు. ఇష్టమైంది అంటే చుట్ట. అది నేను ఇవ్వలేదు, ఇచ్చినా పట్టుకునే శక్తి లేదు. మిక్సీ కూడా అప్పటికి ఛార్జింగు నిలవక, వైరు పెట్టి ఉంచితే తప్ప తిరిగేది కాదు. అమ్మ పోయిన రోజు పొద్దున్న కూడా, నేను ఒక చెంచా తాగాక తను రెండు చెంచాలు మింగింది.

పెద్దదినం నాడు రేవులో అమ్మ పేరున ఆకు వేశారు. మా పిన్ని, అమ్మకి చెల్లెలు, దగ్గరుండి అన్నీ వడ్డిస్తోంది. అన్నం, చేపల పులుసు, గారెలు. నడుంకి దోపుకున్న గుడ్డలోంచి ఒక చుట్ట తీసి ఆకు పక్కన పెట్టింది.

"అది తియ్యి పిన్నీ. ఆ చుట్టే కదా చంపింది."

"దాని ప్రాణమే అది. నువ్వూరుకో" అంది పిన్ని. తనూ అడ్డపొగే.

నేను ఇంటి దగ్గర సపోటా జావ తిప్పి, వడకట్టి, గ్లాసులో పోసి మూతపెట్టి తెచ్చాను. మూత తీశాను. చెంచా ముంచాను. ఆకు దగ్గర పెట్టాల్సిన గ్లాసులోంచి ఒక చెంచా నా నోట్లో పోసుకున్నాను. ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. చెయ్యి దానంతటది వెళ్లిపోయింది.

"ఓసినీ! ఏంటే ఆ పని? చచ్చిపోయినోళ్లకి పెట్టేది ఎంగిలి చేత్తారంటే!" పిన్ని కేకకి రేవులో అందరూ ఇటు తిరిగారు. "పారబోసెయ్ అది!"

"ఎంగిలి చెయ్యకపోతే అమ్మ తాగదు పిన్నీ" అన్నాను.

పిన్ని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చెంచా తంతు చూసిందే. దగ్గరికొచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. పారబోస్తుందనుకున్నాను. ఆకులో, చుట్ట పక్కన సర్ది పెట్టి, నా వైపు తిరిగింది.

"కారం లేదుగా?" అంది.

"లేదు పిన్నీ. చూశాను."