‘యి’ లేదమ్మా

అక్క పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు తప్పులే వెతుకుతాను. అది ఆమె అంటించిన జబ్బే.

అక్క ఇరవై రెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. అక్కడ ఆమెను ఎర్రపెన్సిలు అనేవారు, ఎదురుగానే. బావ ముప్పై ఎనిమిదో ఏట మెట్లెక్కుతూ గుండె ఆగి పోయాడు. తర్వాత మూడేళ్ళకి, డాక్టరమ్మ పట్టుబడితే, పదకొండేళ్ళ కూతురికి రక్తపరీక్ష చేయించింది. ఆ పిల్లను మేం పుల్ల అనేవాళ్ళం, అంత సన్నం. పుల్లకి కొవ్వేమిటని అక్క నవ్వబోయింది గానీ, కొలెస్ట్రాల్ బావ దారినే ఉంది. వంశంలో వచ్చేదట.

డాక్టరమ్మ వెన్న, వేపుళ్ళు తగ్గించమంది. మొక్కల నుంచి తీసిన స్టెరాల్ కలిపిన పాలు రోజూ భోజనంతోపాటు ఒక కప్పు తాగించమంది. అది పేగులోనే కొలెస్ట్రాల్‌కి అడ్డం పడుతుందని, తగ్గేది కొంతేనని, రెండు నెలలకి మళ్ళీ పరీక్ష చేసి మాత్ర సంగతి తేలుద్దామని చెప్పింది.

పరీక్ష ఇంకో వారం ఉందనగా నేను వెళ్ళాను. పుల్ల అన్నానికి కూర్చుని ఉంది. వంటింట్లో అక్క ఆ పాలను సింకులో వంచేసి, కప్పులో మామూలు పాలు పోస్తోంది. నన్ను చూసి పాలడబ్బా పక్కకి నెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదటి రోజు నుంచీ. స్టెరాయిడ్‌రా అది. మా ఆఫీసు బైండరు కొడుక్కి అవి వాడితే మొహం బంతిలా ఉబ్బిపోలా? తండ్రి లేని పిల్లకి నా చేత్తో అది పొయ్యనా?"

డాక్టరమ్మను అడిగితే పొయ్యమంటుందని భయం. పొయ్యకపోతే బావలాగే అవుతుందని ఇంకో భయం. రెండింటి మధ్యా కళ్ళు లోపలికి పోయాయి.

నేను డబ్బా మీది పేరు చూశాను. తమ్ముడి మాటకు ఆ ఇంట్లో ఎంత విలువుందో నాకు తెలుసు కాబట్టి వాదించలేదు. అచ్చాఫీసులో ముఖ్యమైన పుస్తకం వస్తే ఒకరు అక్షరమక్షరం పైకి చదువుతారు, ఇంకొకరు వింటూ దిద్దుతారు. డబ్బా పుల్లకిచ్చి అమ్మకు అలా చదవమన్నాను. అక్క అలవాటుకొద్దీ జడలోంచి పెన్సిలు తీసింది.

"స్టె," అంది పుల్ల. "రా. ల్. అంతే."

"యి?"

"యి లేదమ్మా. డ్ కూడా లేదు."

అక్క డబ్బా లాక్కుని ఆ మాటను చివరి నుంచి మొదటికి చదివింది. మనసు ముందే అనుకున్నదాన్నే కన్ను చూస్తుందని కొత్తవాళ్ళకు నేర్పిన మనిషి. పీట మీద కూలబడి, "రెండు నెలలు పారబోశానురా," అంది.

మర్నాడు వెళ్ళి అంతా చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదనుకుంది అక్క. పరీక్ష రెండు నెలలు వెనక్కి జరిగింది. ఆ రోజుల్లో కప్పు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేది. కప్పు కూడా నమలమంటావా అని పుల్ల విసుక్కునేది.

రిపోర్టు వచ్చాక అక్క తెరవలేదు. డాక్టరమ్మ ఎదుటి బల్ల మీద కూర్చుని కూతురి చేతికిచ్చి, "నువ్వు చదువు. అంకె అంకె చదువు," అంది. తగ్గింది. చాలినంత కాదు. పాలు మానొద్దంటూ డాక్టరమ్మ మాత్ర కూడా రాసింది.

అక్క చీటీ అందుకోలేదు. జడలోంచి పెన్సిలు తీసింది.

"పేరు అక్షరమక్షరం చెప్పండమ్మా. నేను రాసుకుంటాను."